పోయిందని రాసిన సంచి

ఎదుటి మనిషి ఒకటి చెబితే మన చెయ్యి ఇంకొకటి రాసినప్పుడు, ఆ పాపం రాయమన్నవాడిదా, రాసిన చేతిదా? ఈ సందేహం రైటరమ్మను పదకొండేళ్ళుగా వదల్లేదు. పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కూర్చుని కళ్ళు మూసుకుంటే దేవుడికంటే ముందు ఇదే వచ్చి కూర్చునేది. దేవుణ్ణి అడిగి చూసింది. ఆయన ఎప్పటిలాగే ఊరుకున్నాడు. తెలిసిన పెద్దవాళ్ళను అడుగుదామంటే సిగ్గేసింది. అడగాలంటే ముందు తను ఏం రాసిందో చెప్పాలి కదా.

పోయిన వారం ఆమెను మనం పోలీసు స్టేషన్‌లో, తెరిచిన సొరుగు ముందు వదిలిపెట్టాం. వచ్చినవాళ్ళ ఫిర్యాదులు రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎవరికీ గుర్తులేదు, అందరికీ రైటరమ్మే. రైలు పట్టాల కిందుగా బస్టాండు వైపుకు పోయే సబ్‌వేలో మూడేళ్ళుగా ఒక్క నేరమూ జరగలేదని ఇన్‌స్పెక్టర్ గారు ఒక ధ్రువపత్రం తయారుచేయించారు. దాని మీద రైటరమ్మ సంతకం పడాలి. పడితే మెట్ల దగ్గరున్న కాపలా గది ఎత్తేస్తారు, ఆ చోట 'సురక్షిత మార్గం' అని బోర్డు పెడతారు, సాయంత్రం నాలుగింటికి సభ జరిపి ఇన్‌స్పెక్టర్ గారికి శాలువా కప్పుతారు. సంతకానికి మధ్యాహ్నం పన్నెండు దాకా గడువు.

సొరుగులో ఉన్నది పోయిన వస్తువుల పుస్తకం. ఆమె దాన్ని రాత్రికి ఇంటికి తీసుకెళ్ళలేక అక్కడే నిలబడి తిరగేసింది. సబ్‌వేలో పన్నెండేళ్ళుగా పోయినట్టు నలభై మూడు వస్తువులు. అందులో ముప్ఫై ఒకటి చేతిసంచులు. అన్నిటి కిందా తన దస్తూరీలో ఒకే వాక్యం, 'నడుచుచుండగా జారిపడిపోయినది.' లాక్కుపోయారని చెప్పినవాళ్ళకు కూడా జారిపోయిందనే రాయడం ఆ స్టేషన్ పద్ధతి. లాక్కుపోతే అది నేరం, జారిపోతే ఎవరి తప్పూ కాదు. అంతవరకు ఆమెకు తెలిసిందే. తెలియనిది, ఇన్నాళ్ళూ తట్టనిది ఇంకొకటి ఉంది. ముప్ఫై ఒక్క సంచుల్లో ఒక్కదాని కోసమైనా, దొరికిందా అమ్మా అని అడగడానికి ఒక్కరూ తిరిగి రాలేదు. ఎందుకు రాలేదు?

ఆ ప్రశ్నతోనే తెల్లవారింది.

ముందు గదిలో భర్త అప్పటికే మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఆయన టైలరు. నలభై ఏళ్ళుగా ఊరివాళ్ళ భుజాలు కొలిచిన మనిషి, మాటలు కూడా కొలిచే వాడతాడు. రైటరమ్మ గుమ్మానికి ఆనుకుని, ఎన్నాళ్ళుగానో దాచుకున్న సందేహాన్ని మొదటిసారి బయటపెట్టింది. ఆయన ముందు సూదిలో దారం ఎక్కించాడు.

"నాకు కొలతలు ఇంకొకడు రాసి పంపించాడనుకో," అన్నాడు తర్వాత. "చొక్కా బిగుతైతే నేను వాణ్ణంటాను, వాడు నన్నంటాడు. తొడుక్కున్నవాడికి మాత్రం ఊపిరాడదు. మా తగువుతో వాడికేం పని?"

ఇంకా ఎనిమిది నెలలే ఉద్యోగం ఉందనీ, ఆ తర్వాత ఆమె రాయబోయేది కూరల జాబితాయేననీ, ఏం చేసినా భోజనం చేసి చెయ్యమనీ చెప్పి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. రైటరమ్మ తినలేదు. ఖాకీ చీర కుచ్చిళ్ళు సర్దుకుని బయలుదేరింది.

ఎనిమిదిన్నరకు సబ్‌వే మెట్ల దగ్గరికి రమ్మని ఇన్‌స్పెక్టర్ గారు ముందురోజే చెప్పారు. సభలో చూపించడానికి ఫోటోలు తీయాలట. ఆయన్ను స్టేషన్‌లో చాటుగా ఇస్త్రీ సారు అంటారు. కూర్చుంటే మడత నలుగుతుందని ఆయన ఫైళ్ళు కూడా నిలబడే చూస్తాడని కానిస్టేబుళ్ళ వేళాకోళం.

నాలుగు రోజులుగా ఆ సబ్‌వేకు ముస్తాబు జరుగుతోంది. కన్నీళ్ళు పెట్టుకున్నట్టు ఎప్పుడూ చెమ్మ కారే గోడల మీద తెల్ల రంగు వేసి, పైన నవ్వే ఆడవాళ్ళ బొమ్మలు వేశారు. ఒకామె చేతిలో పుస్తకం, ఒకామె భుజాన సంచి, ఒకామె తల ఎత్తుకుని ఎటో చూస్తోంది. లోపలి చెమ్మకు రంగు అప్పుడే ఉబ్బి, పుస్తకం పట్టుకున్నామె చెంపలు బొబ్బలెక్కాయి. సంచి ఉన్నామె మొహం మీద ఎవడో ఉమ్మేశాడు. తుడవడానికి వచ్చిన మనిషి తడిగుడ్డతో ఆ ఉమ్మును బుగ్గ మొత్తానికీ పూసి, పని అయిపోయిందన్నట్టు బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఉచ్చ కంపు పోవడానికి ఫినాయిలు పోశారు. ఉచ్చ కంపు పోలేదు, ఫినాయిలు కంపు తోడైంది. పన్నెండు ట్యూబులైట్లలో మూడు వెలుగుతున్నాయి. ఫోటోల కోసం అద్దెకు తెచ్చిన పెద్ద లైటు మాత్రం పట్టపగలులా వెలుగుతోంది.

ఇస్త్రీ సారు నాలుగు మెట్లు దిగి అక్కడే ఆగిపోయాడు. మడత పెట్టిన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దాని వెనకనుంచే, మహిళలు ఇక్కడ ఎంత స్వేచ్ఛగా తిరుగుతున్నారో చెప్పే వాక్యాలు ఫోటోలు తీసే కానిస్టేబులుకు రాయిస్తున్నాడు. తినకుండా రావడమే మంచిదైందనుకుంది రైటరమ్మ.

అంతలో ఆయన చూపు మెట్ల పైభాగం మీద పడింది. అక్కడ నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆసుపత్రి నర్సు ఒకామె, బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయి, ఆఫీసులు ఊడ్చే ఒక పెద్దామె, బడిలో ఆయా. ఏదో మాట్లాడుకుంటున్నారు.

"చూశారా రైటరమ్మా?" అన్నాడు సారు. మొహం వికసించింది. "ఎవరైనా పిలిచామా, బతిమాలామా? భయమే ఉంటే ఇక్కడ నిలబడి కబుర్లు చెప్పుకుంటారా? వాళ్ళను తియ్యవయ్యా ముందు. మెట్లు కూడా పడాలి."

కానిస్టేబుల్ ఫోటోలు తీశాడు. సారు తృప్తిగా జీపెక్కి వెళ్ళిపోయాడు. రైటరమ్మ మాత్రం వెళ్ళలేదు. నిజంగానే ఆ నలుగురూ అంత సేపు ఎందుకు నిలబడ్డారో ఆమెకు అర్థం కాలేదు. పనుల వేళ. నర్సు గడియారం చూసుకుంటోంది. కబుర్లకు నిలబడ్డవాళ్ళు గడియారం చూసుకోరు. దగ్గరికి వెళ్ళి, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారని అడిగింది.

"ఇంకొకరి కోసమమ్మా," అంది ఆయా. "ఐదుగురం అయ్యాక దిగుతాం. నలుగురమే ఉన్నాం."

"ఎవరా ఇంకొకరు?"

"ఎవరైనా సరే. ఆడమనిషై ఉంటే చాలు."

ఇది వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న పద్ధతి. ఎన్నేళ్ళదో వాళ్ళకూ గుర్తులేదు. ఇద్దరైతే లాభం లేదని ఒక ఏడాది తెలిసింది, ముగ్గురైతే లాభం లేదని మరో ఏడాది. ఐదుగురు కలిసి దిగితే ఇంతవరకు ఏమీ కాలేదు. అందుకని పొద్దున, సాయంత్రం మెట్ల మీద ఆగుతారు. ఒకరి పేరు ఒకరికి తెలియకపోయినా ఫరవాలేదు, లెక్క సరిపోతే చాలు. ఈ ఎదురుచూపుల్లో నర్సుకు రెండుసార్లు ఆలస్యపు మెమో వచ్చింది. బట్టల కొట్టు అమ్మాయి పాత కొట్టులో పనే పోగొట్టుకుంది.

రైటరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నేనున్నానుగా. నాతో ఐదు. పదండి, దిగుదాం."

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఆయా చాలా మర్యాదగానే చెప్పింది.

"మీరు లెక్కలోకి రారమ్మా."

ఊడ్చే పెద్దామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోవడానికో మరెందుకో. రైటరమ్మ చెవులు వేడెక్కాయి. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో తిట్లు తిన్నది, శాపనార్థాలు విన్నది. ఇంత మెత్తటి మాట ఇంత గట్టిగా ఎప్పుడూ తగల్లేదు.

అప్పుడే పరీక్ష అట్ట గుండెలకు హత్తుకుని ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. ఐదుగురు అయ్యారు. సంచులు ముందుకు తిప్పుకున్నారు. ఆ అమ్మాయిని మధ్యలోకి తీసుకున్నారు. గోడవైపు ఎవరూ నడవకుండా, పెద్దామె ముందు, గొడుగు పట్టుకుని ఆయా వెనక, గబగబా దిగిపోయారు. వాన లేదు, లోపల ఎండా రాదు. గొడుగు ఎందుకో రైటరమ్మకు ఇప్పుడు అడగక్కర్లేకపోయింది.

ఆమె వాళ్ళ వెనక ఆరో మనిషిగా, లెక్కలో లేని మనిషిగా నడిచింది. అద్దె లైటు వెలుగు సగం దారికే. ఆ తర్వాత చీకటి మొదలయ్యే చోట ఒకడు గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఐదుగురు దాటుతుంటే ఒక్కొక్కరినీ కాళ్ళ నుంచి పైకి చూశాడు, సంతలో పశువును చూసినట్టు. పెదవులతో ఒక చప్పుడు చేశాడు. వెనక వస్తున్న ఖాకీని చూశాక కూడా గోడ వదల్లేదు, చప్పుడు ఆపలేదు. ఎందుకు ఆపాలి? ఇక్కడ ఏమీ జరగదని రాసిచ్చేది ఆ ఖాకీయే కదా.

ఏం పని ఇక్కడ అని రైటరమ్మ గద్దించింది. గొంతు తను అనుకున్నంత పెద్దగా రాలేదు. వాడు తాపీగా వీపు దులుపుకుని, పోతున్నాంలెండి మేడమ్ అని, ఆమె పాదాల పక్కనే ఉమ్మి నడిచిపోయాడు. చెప్పు అంచున తడి తగిలింది. బస్టాండు వైపు మెట్లెక్కి వెలుతురులోకి వచ్చాక కూడా ఆ కాలు తనది కానట్టే అనిపించింది. పంపు దగ్గర రెండుసార్లు కడుక్కుంది.

మిగతావాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయా మాత్రం ఆగింది.

"నన్ను గుర్తుపట్టలేదు కదూ?" అంది. "మీరు నాకొక కాగితం బాకీ ఉన్నారమ్మా. పదకొండేళ్ళయింది."

రైటరమ్మ మూడోసారి కాలు కడుక్కోబోతున్నది కాస్తా ఆగిపోయింది. ఆయా గొంతు పెంచకుండా, నిన్నటి సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆ రోజు బడికి వెళుతుంటే ఇదే సబ్‌వేలో ఒకడు వెనకనుంచి నోరు నొక్కి గోడకు అదిమిపెట్టాడు. రవిక భుజం దగ్గర చిరిగింది. ఎవరో వస్తున్న అలికిడైతే వదిలి పారిపోయాడు. తిన్నగా స్టేషన్‌కు వచ్చింది. అప్పటి ఇన్‌స్పెక్టర్ గదిలోకి పిలిచి విన్నాడు, ఒక చీటీ రాసి బయటికి పంపించాడు. రైటరమ్మ ఆ చీటీ చూసి పుస్తకంలో రాసుకుంది. నకలు ఒకటి ఇవ్వండమ్మా, బడి ఆలస్యానికి చూపించాలి, ఇంట్లోనూ చూపించాలి అని అడిగితే, రేపు రా ఇస్తాను అంది. ఆయా మూడు రోజులు తిరిగింది. నాలుగో రోజు మానేసింది.

రైటరమ్మకు చీటీ గుర్తొచ్చింది. మనిషి గుర్తు రాలేదు. నెమ్మదిగా, తప్పు తనదేనని ఒప్పుకుంటున్నట్టుగా, సంచి లాక్కుపోయినదాన్ని జారిపోయిందని రాసినమాట నిజమేనంది.

"సంచా?" ఆయా ఆశ్చర్యపోయింది. "సంచి ఎక్కడ పోయిందమ్మా? ఆ రోజు మీ బల్ల ముందు కూర్చున్నప్పుడు నా ఒళ్ళోనే ఉంది. చిరిగిన భుజానికి దాన్నే అడ్డం పెట్టుకున్నాను. సంచి మాట నేనెత్తనే లేదు."

"చీటీలో చేతిసంచి అని ఉంది…"

"మీరు తలెత్తలేదమ్మా. ఎత్తి ఉంటే కనిపించేది." భుజాన ఉన్న సంచిని ముందుకు తిప్పింది. నీలం గుడ్డ వెలిసి బూడిద రంగుకొచ్చింది, పిడి రెండుసార్లు కుట్టి ఉంది. "ఇదే అది."

ముప్ఫై ఒక్క సంచుల కోసం ఎవరూ ఎందుకు రాలేదో రైటరమ్మకు తెలిసిపోయింది. పుస్తకంలో వస్తువు పేరు రాయడానికి ఒక గడి ఉంది. వస్తువు లేకపోతే ఆ గడి నిండదు. పోయింది వస్తువు కానప్పుడల్లా ఎవరో ఒక అధికారి ఆ గడి కోసం చీటీలో చేతిసంచి అని రాసి పంపించాడు. ఆమె చక్కటి దస్తూరీతో రాసింది, వంకర లేకుండా, కొట్టివేత లేకుండా. ఇన్నేళ్ళూ తను చిన్న అబద్ధం రాశానని బాధపడింది. పెద్ద అబద్ధాన్ని నిజమనుకుని రాసింది. ముప్ఫై ఒక్కమంది ఆమె ఎదుట కూర్చుంటే ఒక్కరి ఒళ్ళోకైనా చూడలేదు. ఏ పూజతో కడుక్కుంటే పోతుంది ఇది?

మధ్యాహ్నం బడి భోజనాల గంట కొట్టాక స్టేషన్‌కు రాగలవా అని ఆయాను అడిగింది. రేపు రమ్మని ఇంకెప్పుడూ అననంది. ఆయా సంచి మళ్ళీ వెనక్కి తిప్పుకుంది. గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పన్నెండు కావస్తుండగా ఇస్త్రీ సారు తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద ధ్రువపత్రం, పక్కనే మూత తీసిన కలం, ఆ పక్కన పొద్దున తీసిన ఫోటో. నలుగురు ఆడవాళ్ళు, మెట్లు. కింద అందంగా అచ్చు వేయించారు, 'నిర్భయంగా మన మహిళలు.'

వాళ్ళు కబుర్లు చెప్పుకోవడం లేదు సార్, ఐదో మనిషి కోసం చూస్తున్నారు అని రైటరమ్మ చెప్పింది. సంచుల సంగతి కూడా చెప్పింది. ఆయన నిలబడే విన్నాడు, అడ్డు రాలేదు. విన్నాక రుమాలుతో కలం మీది దుమ్ము తుడిచాడు.

"భయం అనేది మనసులో ఉండేది రైటరమ్మా. దానికి సెక్షన్ ఏముంది? ఐదుగురు కలిసి నడవడం నేరమా? మంచిదేగా, నడవనివ్వండి."

"కాపలా గది తీసేస్తే ఐదుగురు కూడా చాలరు సార్."

"మీరు సంతకం పెట్టకపోతే సభ ఆగుతుందనుకుంటున్నారా?" ఆయన గొంతులో కోపం లేదు. ఆ మెత్తదనమే ఆమెకు ఎక్కువ రోతగా తోచింది. "నెలనెలా మీరు పంపిన నివేదికలు నా దగ్గరున్నాయి. అన్నిట్లో నేరాలు సున్నా. అన్నిటి కిందా మీ సంతకమే. ఇప్పుడు మీరు చెప్పేది నిజమైతే ఆ పుస్తకమంతా అబద్ధం. ఆ పుస్తకమంతా మీ దస్తూరీ. పాత ఇన్‌స్పెక్టర్లు కొందరు బదిలీ అయిపోయారు, కొందరు పోయారు. ముందు ఇరుక్కునేది ఎవరు? ఎనిమిది నెలలు ఓపిక పట్టలేరా?"

పదకొండేళ్ళ సందేహానికి జవాబు దేవుడు చెప్పలేదు, ఈ మనిషి చెప్పాడు. రాసిన చేతిదే. చిత్రం ఏమిటంటే, అది విన్నాక ఆమెకు భయం తగ్గింది. చెయ్యి తనదే అయినప్పుడు దానితో ఏం రాయాలో కూడా తన చేతిలోనే ఉంటుంది కదా. కలానికి మూత పెట్టి, ధ్రువపత్రం మీద ఉంచి, నమస్కారం చేసి బయటికి వచ్చింది.

ఆయా ఆమె బల్ల ముందు కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి.

రైటరమ్మ పోయిన వస్తువుల పుస్తకం తీయలేదు. నేరాల ఫిర్యాదుల పుస్తకం తీసింది. ఈ ఏడాది సబ్‌వే పేరుతో అందులో ఒక్క పేజీ కూడా ఖర్చు కాలేదు. కార్బను సరిచేసి, ఈసారి తలెత్తి కూర్చుంది. ఆయా మొహం చూసింది. కుడి కణత మీద చిన్న మచ్చ ఉంది.

"మీ మాటల్లోనే చెప్పండమ్మా. నేను రాస్తాను."

ఆయా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆగిన చోట రైటరమ్మ కలం కూడా ఆగింది. వాడి చేతికి కిరసనాయిలు వాసన వచ్చిందనీ, ఊపిరాడలేదనీ, గోడ చెమ్మ వీపుకు అంటుకుందనీ, ఇప్పటికీ తడిగోడను ముట్టుకోలేననీ, స్టేషన్‌కు వస్తే సంచి పోయిందని రాశారనీ, అన్నీ చెప్పినట్టే పడ్డాయి. చివర్న రైటరమ్మ ఒక వాక్యం తనంతట తాను చేర్చింది. 'అప్పట్లో తప్పుగా రాసినది నేనే.' దాని కింద సంతకం చేసింది.

ముద్ర కోసం చెయ్యి చాచేసరికి లోపలి గదిలో గంట మోగింది. ఒకసారి, రెండుసార్లు. కానిస్టేబుల్ పరుగున వచ్చి, సారు పాత పుస్తకమూ సొరుగు తాళాలూ వెంటనే పట్టుకు రమ్మంటున్నారని చెప్పాడు. ఆ పుస్తకం సారు గదిలోకి వెళితే మళ్ళీ బయటికి రాదని అతని మొహమే చెబుతోంది. అతను ఇంకొక మాట కూడా అన్నాడు, గొంతు తగ్గించి. బయట మెట్ల మీద చాలామంది ఆడవాళ్ళున్నారు మేడమ్, దేనికో తెలియదు, లోపలికి రమ్మంటే ఆగమంటున్నారు.

రైటరమ్మ కిటికీలోంచి చూసింది. నర్సు ఉంది. ఊడ్చే పెద్దామె ఉంది. బట్టల కొట్టు అమ్మాయి, ఆమె వెనక రైటరమ్మ ఎప్పుడూ చూడని, లేక చూడకుండానే రాసుకున్న మొహాలు ఎన్నో. భుజాలకు సంచులు.

"ఐదుగురితో మొదలైంది," అంది ఆయా. "నేను వెళ్ళి రమ్మంటేనే వస్తారు. కాగితం ఇస్తారో లేదో చూసి చెబుతానన్నాను."

లోపల గంట మూడోసారి మోగింది. కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత బూట్ల చప్పుడు.

"వస్తున్నానని చెప్పు," అంది రైటరమ్మ కానిస్టేబులుతో. "ముందు ఈమెకు కాగితం ఇవ్వాలి."

గుండ్రటి ముద్రను సిరా మెత్త మీద అద్ది, కాగితం మీద పెట్టి, అరచేతి బరువంతా మోపి నొక్కింది. నకలు చించి రెండు చేతులతో అందించింది. ఆయా ప్రతి వరుస కిందా వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. ఎక్కడా తొందరపడలేదు. సంచి పోయిందన్న మాట ఎక్కడా లేదని చూసుకున్నాక, నాలుగు మడతలు పెట్టి, ఆ నీలం సంచిలో వేసుకుంది.